వస్తా అనని అక్క

బుధవారం పొద్దున రసమన్నం క్యారియర్‌లో సర్దుతుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా పక్కింటి అక్క పోయింది. గుండె జబ్బుతో నాలుగు రోజులుగా చిత్తూరులోనే ఆసుపత్రిలో ఉంది. ముందురోజు సాయంత్రం నేను ఆమెతో చెప్పిన చివరి మాట 'వస్తా'. ఆ మాటంటే ఆమెకెంత భయమో తెలిసి కూడా అన్నాను.

అక్క మా ఇంటికి వచ్చి వెళ్లేటప్పుడు 'పోతా' అనేది. 'పోయొస్తా' కాదు, ఒట్టి 'పోతా'. మా అమ్మకు ఒళ్లు మండేది. "ఏం మాటలే అవి? నిండింట్లో నిలబడి పోతా అంటావా? పోయొస్తా అంటే నీ నోరేమన్నా అరిగిపోతాదా?" అని కసిరేది. అక్క నవ్వి, చెప్పులేసుకుని, మళ్లీ "పోతా పెద్దమ్మా" అనేసి వెళ్లిపోయేది. మొండిమనిషి అనుకునేదాన్ని.

కొన్నేళ్ల కిందట ఆమె ఇజ్రాయిల్‌లో, ముసలివాళ్లనూ వికలాంగులనూ చూసుకునే ఒక హోమ్‌లో పనిచేసింది. తిరిగొచ్చాక ఐరాల దారిలో నేను వంట చేసే వృద్ధాశ్రమంలోనే చేరింది. చేరిన వారానికే మంచాలన్నిటికీ చక్రాలు వేయించాలని పట్టుబట్టింది. వేయించాక, వాటికి కొబ్బరినూనె పూయడం కూడా తన పనే. "లేవలేనోళ్లు ముందు. నడిసేటోళ్లు ఎట్లైనా వస్తారు" అని మా అందరికీ నూరిపోసేది.

ఒక మధ్యాహ్నం రోడ్డు మీద పెళ్లి ఊరేగింపులో టపాసులు పేల్చారు. గరిటెతోనే బయటికొచ్చి చూస్తే, అక్క కాళ్లు పడిపోయిన అవ్వను మంచంతో సహా సామాన్ల గదిలోకి నెట్టుకుపోతోంది. "టపాసులక్కా, టపాసులు!" అని అరిచాను. ఆమెకు వినపడలేదు. అవ్వను లోపల పెట్టి, గోడకానుకుని కూలబడింది. ఆరోజే నాకు చెప్పింది.

"ఆడ కూడా ఒక అవ్వ ఉండేది పాపా. అంతా మంచంలోనే. మన మాటల్లో ఒకటే నేర్సుకునింది, వస్తా అని. నేను గది దాటితే సాలు, వస్తా వస్తా అని నాకే సెప్పేది. ఒకరోజు బాంబులొస్తాండాయని సైరన్ కూసింది. సక్రాల కుర్చీలో ఉండే తాతను ముందు తీసుకపోయినాను. అవ్వకు వస్తా అని సెప్పే పోయినాను. మేం దాక్కున్న గదికి ఇనప తలుపు. మూసేసినారు. తియ్యమని నేను అడగలేదు. బయమేసింది. అవ్వ గది గోడ కూలిపోయింది."

"ఎవరైనా అంతే చేస్తారు గదక్కా" అన్నాను.

"నువ్వు వస్తా అని సెప్పలేదు గదా" అంది.

మా ఆశ్రమంలో ఆమె ఉన్నన్నాళ్లూ ఏ ముసలి ప్రాణానికీ రెండోసారి పిలవాల్సిన పని రాలేదు. ఒక్క పిలుపుకే పరిగెత్తేది. అది నేను కళ్లారా చూశాను. ఆమె దగ్గర పని నేర్చుకున్నందుకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

మంగళవారం ఆసుపత్రిలో, అలవాటు కొద్దీ, "వస్తా అక్కా, పొద్దున్నే రసమన్నం తెస్తా" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అట్లనొద్దు పాపా. పోతా అను."

మంచంలో ఉన్న మనిషితో ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. "వస్తాలే" అని చెయ్యి విడిపించుకున్నాను.

చావింటి నుంచి వెళ్లేటప్పుడు ఎవరమూ వస్తామని చెప్పం. ఆరోజు కూడా అందరూ ఒక్కొక్కరే లేచి, వస్తామనకుండా వెళ్లిపోయారు. తిరిగొచ్చినప్పటి నుంచీ అక్క ప్రతి ఇంటి గడపా అలాగే దాటిందని నాకప్పుడు అర్థమైంది. ఏడుపు ఆగలేదు.

క్యారియర్ పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తినప్పుడు నర్సమ్మ చెప్పిన మాట మాత్రం నన్ను వదలడం లేదు.

"తెల్లారి సూసేతలికి మొగం తలుపు పక్కకి తిప్పుకోని ఉండాదమ్మా."