రికార్డరు మీద పట్టుగుడ్డ

మదనపల్లెలో మా ఇంటికి హార్డ్ డిస్క్ రికార్డరు వచ్చేసరికి నేను రిటైరై కొంతకాలమైంది. కుప్పంలో ఉద్యోగం చేసినప్పటి స్నేహితుడొకడు రోజూ రైల్లో బెంగళూరు వెళ్ళి వచ్చేవాడు. అతనితో చెప్పి తెప్పించుకున్నాను. క్యాసెట్లతో పని లేదు. కేబుల్లో వచ్చేదాన్ని తనలోనే దాచుకుని, ఎప్పుడడిగితే అప్పుడు చూపించేది. ఏ రోజు ఏం ఎక్కించానో సాయంత్రం డైరీలో రాసుకునేవాణ్ణి. వంటల కార్యక్రమాలు మా ఆవిడవి, పాత పాటలు నావి.

ఆ ఎండాకాలం పుంగనూరు నుంచి మా బామ్మర్ది వచ్చాడు. ఆవులు మేపుకుని పాలు పోసే రైతు. ఊరి తిరునాళ్ళలో నాటకాలాడినప్పుడు తపసుమాను ఎక్కే వేషం ఏటా అతనిదే. నున్నగా చెక్కిన పొడుగాటి మాను నిలబెట్టి, దానికి మెట్లలాగా కొయ్యలు దిగగొడతారు. వేషగాడు ఉపవాసముండి, ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో పద్యం పాడుతూ కొసకు ఎక్కుతాడు. అక్కడినుంచి నిమ్మకాయలు, విభూది కిందికి వేస్తాడు. బిడ్డలు లేని ఆడవాళ్ళు, అవి మీద పడితే కడుపు పండుతుందని, తడిచీరలతో మాను కింద సాగిలపడి ఉంటారు.

"బావా, మోకాళ్ళు మాట వినడంలేదు. ఈ తూరితో సాలిస్తాను" అన్నాడు. "ఇన్నేండ్లూ ఎక్కినాను గానీ, కిందనుంచి సూస్తే ఎట్లుంటానో నాకు తెలీదు. నన్ను నేను ఒక్కతూరి సూసుకోవల్ల. కేబులాయప్ప ఈసారి లైవుగా ఏస్తాడంట. నీ డబ్బాలో పట్టిస్తావా?"

పుంగనూరు కేబుల్ చానల్ మదనపల్లెలో రాదు. క్యాసెట్ ఇమ్మని అడుగుదామంటే, లైవు వేసినరోజు ఆ కేబులాయన టేపులో ఎక్కించడు. అందుకని రికార్డరునే దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాను, పక్కన మా ఆవిడ.

"ఏందప్పా అది, సంటిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకోనుండావు?" అన్నాడు కండక్టరు.

"మా తమ్ముణ్ణి దాంట్లో పెట్టి తీసకరావల్ల" అంది మా ఆవిడ.

"అయితే వచ్చేటప్పుడు రెండు టిక్కెట్లు" అని ముందుకు వెళ్ళిపోయాడు.

మాను ఎక్కే రోజు పొద్దున్నే అత్తగారింట్లో అన్నీ అమర్చాను. కేబుల్ వైరును రెండుగా చీల్చి ఒకటి టీవీకి, ఒకటి రికార్డరుకు ఇచ్చాను. రెండుసార్లు ఉత్తుత్తి రికార్డింగు చేసి చూసుకున్నాను. మా అత్తగారు స్నానం చేసి, ఆరిన తల ముడేసుకుని, కర్పూరం పళ్ళెంతో వచ్చారు.

"నాయనా, బిడ్డ దీంట్లోకేనా వచ్చేది?"

"దీంట్లోకే. కానీ దీని దగ్గర కర్పూరం వద్దమ్మా, కాలిపోతుంది."

"సరే నాయనా" అని పళ్ళెం పక్కన పెట్టేశారు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

తెరమీద బామ్మర్ది మాను మొదట్లో నిలబడి దండం పెట్టగానే నేను రికార్డింగు మొదలుపెట్టి టీవీ వైపు తిరిగాను. మళ్ళీ కళ్ళు తిప్పలేదు. నిజం చెప్పాలంటే తిప్పబుద్ధి కాలేదు. ఎప్పుడూ పాలక్యాన్లతో చూసే మనిషి, ఎండలో కిరీటం మెరుస్తుంటే ఎవరో అయిపోయాడు. నిమ్మకాయలు పడటం, జనం ఎగబడటం, అతను దిగి రావడం అంతా చూశాం. ఆపుదామని రికార్డరు దగ్గరికి వెళితే, దానిమీద నాలుగు మడతల కొత్త పట్టుగుడ్డ, దానిపైన మల్లెపూలు. ముట్టుకుంటే పెనంలాగా ఉంది. గాలి ఆడక మధ్యలో ఎక్కడో ఆగిపోయింది.

"ఇరుగమ్మ పొరుగమ్మ అంతా వచ్చి సూస్తాండారు గదా" అన్నారు అత్తగారు. "బిడ్డకు దిష్టి తగలకూడదని కప్పినాను. యాల, ఏమైంది?"

చెప్పాను. ఆమె కూర్చుండిపోయారు. మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది.

మరునాడు బామ్మర్ది కాళ్ళకు నూనె రాసుకుని వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. ముందే చెప్పేద్దామనుకుంటూనే రికార్డింగు వేశాను. కదలకుండా చూశాడు. "ఎక్కేటప్పుడు కాళ్ళు వణకతా ఉండె నాకు. ఈడ ఏమీ తెలీడంలేదే" అని ఒక్కసారి మాత్రం అన్నాడు. మాను ముప్పాతిక దాకా ఎక్కి, పై కొయ్యకు చెయ్యి చాచాడు. తెర నీలంగా అయిపోయింది.

"మిగతాది?"

"నేనే గుడ్డ కప్పినానప్పా" అన్నారు అత్తగారు తలుపు దగ్గరనుంచి. "మీ బావ తప్పు ఏమీ లేదు."

అతని ముఖం చిన్నబోయింది. తర్వాత, "నన్ను అంతరిక్షంలో నిలబెట్టేసినావు గదమ్మా" అన్నాడు. నవ్వాలని చూశాడు గానీ నవ్వు రాలేదు. "పోనీలే. నువ్వెట్లాగూ నేను ఎక్కేది ఎప్పుడూ సూసిందిలేదు. పైనుంచి నాకు కనపడేదానివి. జనమంతా తలెత్తుకోనుంటే నువ్వొక్కదానివి తల దించుకోని ఉంటావు."

"ఏడ పడిపోతావో అని భయం."

"మరి నిన్న?"

"నిన్న సూసినాను" అన్నారు ఆమె. "టీవీలో గదా, బొమ్మే గదా అని ధైర్యం జేసి మొత్తం సూసినాను."

అతను కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. "కొసకు పోయినాక ఎట్లుండాను?"

ఆమె లోపలికొచ్చి నేలమీద కూర్చున్నారు. "చెయ్యి పెట్టినావా, ఆ కొయ్య పట్టుకోని ఒక రవ్వ ఆగినావు. నా పానం పోయింది. మళ్ళ ఒక్క ఊపున ఎక్కేసినావు. ఎక్కినాక తిరిగి నిలబడినావు సూడు, ఎండంతా నీ మొగంమీదనే. పిట్ట మాదిరి చిన్నగా ఉండావు. భుజాలు మాత్రం మీ నాయనవే."

"నాయనవా?"

"అచ్చం. మూట దించినాక ఆయప్ప నిలబడినట్టే నిలబడినావు."

"నిమ్మకాయలు ఏసేటప్పుడు?"

"దూరం ఏసినావు మొదట. ఎనకాల ఉండే ఆడోళ్ళకు పడల్లని. నాకు తెలిసింది."

అతనికి కళ్ళు తడిశాయి. తుడుచుకోలేదు. "మళ్ళ?" అన్నాడు.

నేను లేచి టీవీ కట్టేశాను. ఆమె చెబుతూనే ఉన్నారు.