గుట్ట ఎక్కకుండా కుంటాల చూసిన మా వదిన

నాకు ప్రయాణం కన్నా ప్రయాణానికి ఏర్పాట్లు చేయడమే ఎక్కువ ఇష్టమని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. నిజమే, ఒప్పుకుంటాను. వానలు మొదలైతే చాలు, ఫోన్‌లో జలపాతాల వీడియోలు చూస్తూ, జారని చెప్పులు, గొడుగు, గ్లూకోజు పొడి అంటూ సంచి సర్దుకుంటూ కూర్చుంటాను. కానీ ఈసారి కుంటాల జలపాతానికి వెళ్లాలనుకున్నది నా కోసం కాదు, మా వదిన కోసం. మొన్న చలికాలం, యాసంగి నాట్లప్పుడు మా అన్న గుండెపోటుతో పోయాడు. అప్పటి నుంచి వదిన ఇల్లు, పొలం దాటి ఎక్కడికీ కదల్లేదు. పెళ్లయిన కొత్తలో అన్న ఆమెకు జలపాతం చూపిస్తానని మాటిచ్చాడు. ప్రతి వానాకాలం "నాట్లు అయినంక పోదాం" అనేవాడు. నాట్లయ్యాక కలుపు, కలుపయ్యాక మందు కొట్టడం, ఆ తర్వాత కోతలు. అలా ఏళ్లు గడిచిపోయాయి, నీళ్లు మాత్రం చూడలేదు. ఆ మాట నేను తీరుస్తానని పట్టుబట్టాను. ఫోన్ చేసి "అన్న చూపిస్తనన్న నీళ్లు నేను చూపిస్త, వస్తవా వదినా?" అని అడిగాను. "నాట్లు అయినంక చూద్దాం" అంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

నాట్లు అయ్యాయి. బాన్సువాడలో తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. మా వీధిలో తరచూ కిరాయికి వచ్చే గోపాల్ కారు మాట్లాడాను. బాన్సువాడ పక్క తండా అబ్బాయి, బండి నెమ్మదిగా నడుపుతాడు, మాటలు మాత్రం ఆపడు. రానూపోనూ డీజిల్‌తో కలిపి ఐదు వేలకు ఒప్పుకున్నాడు. కారు వద్దనుకుంటే నిజామాబాద్ నుంచి నిర్మల్‌కు, అక్కడి నుంచి ఆదిలాబాద్ బస్సులో నేరేడిగొండకు వెళ్లి ఆటో మాట్లాడుకోవచ్చు. కాకపోతే తిరిగి వచ్చేటప్పుడు ఆటో దొరకడం కష్టం కాబట్టి వెళ్లిన ఆటోనే ఆపుకోవాలి. మేం వర్ని మీదుగా రుద్రూర్ వైపు వెళ్లి, కాలువ పక్కన ఉన్న వదిన ఊళ్లో ఆమెను ఎక్కించుకున్నాం. అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు కట్టిన మూట, ఒక నీళ్ల సీసా. "ఇంత పొద్దుగాల రొట్టెలెప్పుడు చేసినవ్ వదినా?" అంటే "నిద్ర వడితే కద" అంది. బోధన్ దాటేదాకా కిటికీలోంచి ఎవరి మడి ఎలా ఉందో చూస్తూనే ఉంది. ఒకచోట నారు ఆలస్యంగా వేసిన పొలం చూసి "గీళ్లకు నీళ్లు లేటుగ ఇడిసినట్టున్నరు" అని నిట్టూర్చింది. ఎనిమిది నెలల్లో ఆమె తనంతట తాను మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. లోపల చాలా సంబరపడ్డాను.

ఆ సంబరం నిర్మల్ దాకానే. తొమ్మిది కాకముందే నిర్మల్ చేరి రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తిని చాయ్ తాగుతున్నాం. గోపాల్ ఊరికే ఉండక "ఇగ ఈడికెల్లి ఘాటే అక్కా. అంత గుట్టలే, మస్తు ఉంటది" అన్నాడు. వదిన చేతిలోని చాయ్ గ్లాసు నోటిదాకా పోకుండా ఆగింది.

"గుట్టలా? గా నీళ్లు గుట్టల మీద ఉన్నయా?" అని నన్ను అడిగింది.

"మరి జలపాతమంటే గుట్టలల్లనే కద వదినా."

"మన నిజాంసాగర్ గేట్లు ఎత్తినట్టు ఉంటదనుకున్న నేను. ఏడాది నిండలే సుజా. గుట్ట ఎట్ల ఎక్కాలె?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా వైపు ఇంట్లో మనిషి పోతే, ఏడాది నిండేదాకా ఆ ఇంటివాళ్లు గుట్ట ఎక్కరు. అసలు పట్టింపు గుట్టల మీది దేవుళ్ల గురించే అయినా, వదినలాంటి వాళ్లకు గుట్టంటే గుట్టే. మరి ఇది నేనెలా మర్చిపోయాను? పెళ్లై ఇంటి పేరు మారిన ఆడపిల్లకు ఆ పట్టింపు ఉండదు. దినాలతోనే నాకు అంతా తీరిపోయింది. జారని చెప్పుల దాకా గుర్తుపెట్టుకున్న నాకు ఈ సంగతి తట్టలేదు. నా తోడబుట్టినవాడు పోయిన ఏడాదిలో నాకు ఏ అడ్డూ లేదన్న విషయం ఆ చాయ్ బండి దగ్గర తెలిసొచ్చి బాధేసింది.

"మనం దేవుని గుట్టకు పోతలేం కద వదినా" అన్నాను.

"దేవుడు లేని గుట్ట యాడుంటది?" అంది.

గోపాల్ ముఖం చిన్నబోయింది. "వాపస్ పోదామా అక్కా?" అని మెల్లగా అడిగాడు.

"ఇంత దూరం వచ్చినంక వాపస్ ఎందుకు? బండి తొవ్వ ఊర్లకు పోయే తొవ్వ, దానికేం కాదు. కాలుతోని ఎక్కద్దు, గంతే. మీరు పోయి చూసి రాండ్రి, నేను కారుల కూసుంట" అని వదిన గ్లాసు కింద పెట్టేసింది. కారెక్కాక మళ్లీ అంది, "మీ అన్నే చూడలే. నేను చూడకుంటేంది."

ఘాట్ రోడ్డు నిజంగానే అందంగా ఉంటుంది. రెండు వైపులా టేకు చెట్లు పూతతో ఉన్నాయి, మబ్బు కిందికి దిగి ఉంది. మీరు వెళ్తే అద్దాలు దించుకుని వెళ్లండి. మేం మాత్రం అద్దాలు దించలేదు. గోపాల్ కూడా మాట్లాడలేదంటే చూసుకోండి. నేరేడిగొండ దగ్గర పెద్దరోడ్డు వదిలి లోపలికి తిరిగాక అరగంట ప్రయాణం. పత్తి చేలు, మధ్యమధ్య చిన్న ఊళ్లు. నేను మనసులో నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. వదినను ఇల్లు కదిలించి, ఇంత దూరం తెచ్చి, కారులో కూర్చోబెడతానా?

కారు ఆగేసరికి పదిన్నర దాటింది. టికెట్టు, పార్కింగ్ కలిపి వంద లోపే అయింది. ఎదురుగా రెండు మూడు మక్కకంకుల బండ్లు, కోతులు, మెట్ల దారి మొదలయ్యే చోటు. నీళ్ల హోరు వినిపిస్తోంది గానీ నీళ్లు కనబడవు. వదిన కారు దిగి కొంగు తల మీదికి లాక్కుని చుట్టూ చూసింది.

"గుట్ట ఏది?" అని కంకులు కాలుస్తున్నామెను అడిగింది.

"గుట్ట ఏంది అక్కా, నీళ్లు కింద లోయల ఉన్నయి. ఎక్కేదేం లేదు. ఈడికెల్లి దిగుడే" అందామె, విసనకర్ర ఆపకుండా.

వదిన నా వైపు చూసింది. పొద్దున్నుంచి నా తొందర వల్లే ఇంత జరిగింది కదా, ఇక ఆమెనే తేల్చుకోనివ్వాలనిపించింది.

"దిగినంక మళ్ల ఎక్కాలె కద" అంది, నాతో కాదు, తనతోనే. మెట్ల వైపు రెండడుగులు వేసింది, ఆగింది. కింద నుంచి హోరు వస్తూనే ఉంది. కాసేపటికి తనే అంది: "ఎక్కుడంటే అది ఇంటికి పోవుడే. ఇంటికి పోయే తొవ్వకు ఎవరడ్డం జెప్తరు." చెప్పులు సరిచేసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. నేను వెనకాల, గోపాల్ రొట్టెల మూట పట్టుకుని నా వెనకాల.

మెట్లు చాలా ఉన్నాయి, వాన పడితే నాచు పట్టి జారతాయి. అంచు గోడ పట్టుకుని దిగాలి. తొందరపడకుండా దిగితే ఇరవై నిమిషాలు పడుతుంది. చివరి మలుపు తిరగగానే మొత్తం ఒక్కసారే కనిపిస్తుంది. కడెం వాగు రాతి మెట్ల మీదుగా పాయలు పాయలుగా దూకుతుంటే తుంపర మొహానికి కొడుతుంది. నీళ్లలోకి మాత్రం దిగకండి, రాళ్ల కింద లోతు తెలియదు. వదిన ఒక బండ మీద కూర్చుని చాలాసేపు అలాగే చూసింది. సీసాలో మిగిలిన నీళ్లు తాగింది. ఖాళీ అయిన సీసాను పారేయకుండా ఒళ్లో పెట్టుకుంది.

"సుజా" అంది.

"ఏంది వదినా?"

"గీ నీళ్లు ఏ మడికి పోతయి?"

నేను తెల్లబోయాను.

"మీ అన్న ఉంటే ముందుగాల ఇదే అడుగుతుండె. ఇన్ని నీళ్లు వట్టిగ పోతున్నయని ఫికర్ వడుతుండె" అని నవ్వింది. నిజంగా, పళ్లు కనిపించేలా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ఇద్దరం ఏడ్చాం. గోపాల్ పాపం అటు తిరిగి కోతిని అదిలిస్తున్నట్టు నిలబడ్డాడు. ఆ తర్వాత రొట్టెలు విప్పుకుని తిన్నాం. ఎనిమిది నెలల తర్వాత వదిన రెండో రొట్టె అడిగి మరీ తింది. లేచేముందు బండల మధ్య పారుతున్న చోట వంగి సీసా నింపుకుంది. ఎందుకని నేను అడగలేదు.

పైకి వచ్చేటప్పుడు మూడుచోట్ల కూర్చున్నాం. ఆయాసపడుతూనే "ఏడాది నిండినంక ఎక్కే గుట్ట ఏదన్న చూడు" అంది. నాలోని ఏర్పాట్ల పిచ్చిది ఒక్కసారి లేచి కూర్చుంది. రాత్రి ఎనిమిదికల్లా ఆమెను ఇంట్లో దింపాం.

ఒక ప్రయాణానికి ఎంత ప్లాన్ వేసుకున్నా, వెంట వచ్చే మనిషి మనసులో ఏముందో అడగకపోతే సగం ప్లాన్ వేసినట్టేనని ఈసారి నాకు తెలిసింది. అన్నను తలుచుకోవడానికి నాకు ఏ పట్టింపూ మిగలలేదని నిర్మల్‌లో బాధపడ్డాను. ఇప్పుడు ఆ బాధ కొంచెం తగ్గింది. అన్న ఇచ్చిన మాటల్లో ఒకటైనా నా చేతుల మీదుగా తీరింది. కుంటాలకు వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: నిండు సీసాలతో పాటు ఒక ఖాళీ సీసా కూడా పట్టుకెళ్లండి, లేదంటే తాగినదాన్నే పారేయకుండా ఉంచుకోండి. మరునాడు పొద్దున్నే వదిన ఫోన్ చేసింది. ఆ సీసా నీళ్లు తీసుకెళ్లి, అన్న ఎప్పుడూ ముందుగా నీళ్లు కట్టే మొదటి మడిలో పోసిందట. "మీ అన్న అడిగితే చెప్పాలె కద" అంది, "మన మడికే పోయినయని."