నా రెండు మార్కులు, సుజాత ఇంటర్

మా చిన్నప్పుడు... అంటే మరీ రాతియుగం కాదు, పదో తరగతి... శామీర్‌పేట దగ్గర మా సర్కారు బడిలో లెక్కల సారు చాక్‌పీసుల డబ్బాలో చేయి పెట్టి ఒక చిట్టీ తీశారు. దాని మీద నా పేరుంది. మా గ్రూపులో మిగతా ముగ్గురి ముఖాల్లో ఒకేసారి కరెంటు పోయింది.

వాళ్ల తప్పేం లేదు. సారు పద్ధతి అలాంటిది. నలుగురికో గ్రూపు. నలుగురూ కలిసి లెక్క నేర్చుకోవాలి. చిట్టీలో పేరొచ్చినవాళ్లు బోర్డు దగ్గర నిలబడి "ఎందుకు" అనేది చెప్పాలి. వాళ్లకు ఎన్ని మార్కులొస్తే గ్రూపు మొత్తానికీ అన్నే. మిగతావాళ్లు జవాబు అందించకూడదు... ఒక్క ప్రశ్న మాత్రం అడగొచ్చు.

మా గ్రూపుకు నాయకురాలు సుజాత. ప్రమాదం నేను.

సుజాత వాళ్ల నాయన చెరువులో చేపలు పట్టేవాడు. "లెక్కల మంచి మార్కులొస్తేనే ఇంటర్. లేకుంటే మీ అత్తతోని జీడిమెట్లకు పో, మాత్రలు ప్యాకింగ్ చెయ్యి" అని తేల్చేశాడు. అందుకే ఆ పిల్ల వారం రోజులు మధ్యాహ్న భోజనం అవగానే నన్ను కూర్చోబెట్టి, సమచతుర్భుజం కర్ణాలు ఒకదానికొకటి లంబంగా ఎందుకుంటాయో ఓపిగ్గా చెప్పింది. నేనూ శ్రద్ధగా... బట్టీ పట్టాను. ఏ, బీ, సీ, డీలతో సహా.

సారు బోర్డు మీద బొమ్మ వేశారు. కొంచెం పక్కకు ఒరిగించి వేశారు. మూలలకు పీ, క్యూ, ఆర్, ఎస్ అని పెట్టారు.

"సార్, మీరు అక్షరాలు తప్పు పెట్టిండ్రు" అన్నాను, ఎంతో వినయంగా.

క్లాసంతా నవ్వింది. సుజాత నవ్వలేదు. తనకున్న ఒక్క ప్రశ్నా వాడేసింది. "అరే శీనుగా, వల గుంజినప్పుడు గడిల ఏది మారుతది, ఏది మారదు?"

లెక్క మధ్యలోకి వల ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. "చేప మారుతది" అన్నాను.

పదికి రెండు. బొమ్మ పేరు సరిగ్గా చెప్పినందుకు. నలుగురికీ రెండే.

"సార్, సుజాతకు వేరేగ వెయ్యుండ్రి సార్... తప్పు నాది" అని స్టాఫ్ రూమ్ దాకా వెంటపడ్డాను.

"అట్లేస్తే రేపటి సంది నీకెవరు నేర్పుతర్రా?" అన్నారు సారు. న్యాయమైన మాటే. న్యాయం అంత దారుణంగా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

సుజాత ఏడవలేదు. నన్ను తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది. పుస్తకాలు సంచిలో పెట్టుకుంటూ "ప్యాకింగ్‌ల లెక్కలుండవు గదా" అంది. అంతే...

ఆ సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ చెరువు కట్టకు పోయాను. వాళ్ల నాయన వల అల్లుతున్నాడు. ఆ మార్కులు నావి, ఆమెవి కావు... చెప్పాల్సింది అంతే. అది వదిలేసి "కాకా, గళ్లన్నీ ఒక్క తీరుగ ఎట్లొస్తయి?" అన్నాను.

"గీ పలక పెట్టే ముడేస్తం గద. నాలుగు పక్కలు ఒక్కటే కొలత" అని చేతిలోని చిన్న చెక్కముక్క చూపించి, ఒక గడిని గుంజాడు. అది పొడుగైంది, సన్నబడింది. పక్కలు మాత్రం మారలేదు.

సుజాత ప్రశ్న అప్పుడు చేరింది నా బుర్రకు.

రెండు పుల్లలు ఏరుకొచ్చి గడిలో మూల నుంచి మూలకు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టాను. "కాకా, నాలుగు పక్కలు సమానం. నిలువు పుల్ల అడ్డం పుల్లను సరిగ్గ సగం చేస్తది. అంటే గీ పక్క ముక్క, గా పక్క ముక్క అచ్చం ఒక్కటే. నడుమ మూలలు గూడ ఒక్కటే. గా రెండు మూలలు కలిస్తే తిన్నని గీత... ఇగ చెరిసగం గాక ఏమైతయి? ఎంత గుంజినా పుల్లలు రెండు లంబంగనే ఉంటయి!"

ఆయన గడిని మళ్లీ గుంజి చూశాడు.

"ఉంటయని ఎరుకనే... ఎందుకుంటయో ఎవ్వలు చెప్పలే. నీకెవలు నేర్పిండ్రు?"

"మీ సుజాతనే. ఆమె మార్కులు ముంచింది నేను, కాకా..." అన్నాను. పొద్దున సుజాత ఏడవని ఏడుపంతా నేనే ఏడ్చాను.

ఆయన వల మడతపెట్టి లేచాడు. "నీ అసుంటోని బుర్రకు గూడ ఎక్కిచ్చిందంటే... అది సదువాలె" అన్నాడు.

నా జీవితంలో నేను అందుకున్న అతి గొప్ప అవమానం అదే. సుజాత మేడ్చల్‌లో ఇంటర్‌లో చేరింది.

నేను కండ్లకోయలో ఇంజనీరింగ్ చేశాను. అక్కడా గ్రూపులే... ప్రాజెక్టు మీద నలుగురి పేర్లు, చేసేది ఒక్కడు, మార్కులు అందరికీ నిండుగా. నాకు రాకపోతే మునిగేవాళ్లు ఎవరూ లేరు. అందుకే కాబోలు... అన్నం తిన్న చేయి ఆరకముందే నన్ను కూర్చోబెట్టి నేర్పినవాళ్లూ లేరు.

మీ మార్కులు ఎవరు ముంచారు? లేక నాలాగా మీరే ఎవరినైనా ముంచారా? కింద ఒప్పేసుకోండి... ఇక్కడ అందరం ఒకే గ్రూపు.