సంతకం రాని సవరణ

2006 వేసవిలో నన్ను గోదావరిఖనిలో మా బొగ్గు సంస్థ భూగర్భ గని ఒకదానిలో, కార్మికులకు లైట్లిచ్చే లాంప్‌రూం పక్కనున్న కంప్యూటర్ గదికి వేశారు. క్లర్కుగా చేరి, దూరవిద్యలో ఎం.సి.ఎ. పూర్తిచేసిన ఏడాది అది. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. ఆ గదిలో పనిచేసేదీ నేనొక్కణ్ణే.

గనిలోకి దిగేవాడు తన నంబరున్న బిళ్ల ఇచ్చి లైటు తీసుకుంటాడు. పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. బిళ్లలు తగిలించే బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే మనిషింకా లోపలున్నట్టే. ఈ లెక్క చూసే ప్రోగ్రాం ఒకటి రాశాను. ఆ సంతోషంలో ఎవరినీ అడక్కుండా, కాపీరైటు నాదేనని రాసి, దాని మూల కోడ్‌ను, అంటే నేను రాసిన పంక్తులన్నిటినీ, ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టేశాను. పరుగున ఇంటికెళ్ళి, గనిలో బొగ్గు ఎత్తే కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరైన మా బాపుకు చెప్పాను.

"ప్రమోషనచ్చిందా బిడ్డా?"

"కాదు బాపు. దేశంల ఎవలైన వాడుకోవచ్చు."

"ఊకెనే ఇచ్చినవా? మరి గంత సంబురమేంది! అన్నం తిను."

నెల తిరిగాక జార్ఖండ్ గనుల ఇంజనీరొకరు మెయిల్ రాశారు. డబుల్ డ్యూటీకి లోపలే ఉండిపోయినవాడు రెండో షిఫ్టు మొదలవగానే నా జాబితాలోంచి మాయమవుతున్నాడట. తప్పు చూపించి, సవరణ కూడా పంపారు. ఆ తర్వాత వారం వారం రాసుకున్నాం. నా పనేమిటో తెలిసిన మనిషి నాకు ఆయనొక్కరే.

అంతలో మా సంస్థ న్యాయ విభాగం నుంచి పిలుపొచ్చింది. అక్కడి అధికారి మా పక్క మంథని ఆయన. "నువ్వు కొట్టిన బొగ్గు ఇంటికి తీస్కపోతవా? గిదీ గంతే," అన్నారు. ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రాం, వేరే ఒప్పందం లేకపోతే, సంస్థదే. చార్జిషీటు ఇస్తారనుకున్నాను. ఇవ్వలేదు, దీన్ని సంస్థ పేరిటే అందరికీ ఇద్దామంటూ, వాడుకునే షరతులు చెప్పే లైసెన్సుల తేడా చెప్పమన్నారు. కొన్నిటి కింద తీసుకున్నవాడు మార్చి, మూల కోడ్ దాచి అమ్ముకోవచ్చు. కొన్నిటి కింద, మార్చింది ఇతరులకిస్తే మూల కోడ్ కూడా అవే షరతుల మీద ఇవ్వాలి. ఆయన రెండోదే ఎంచారు: "మనదే మార్చి, మూసి, మనకే అమ్మొద్దు."

కాపీరైటు మాత్రం మొత్తం సంస్థ పేరిటే ఉండాలన్నారు. రేపు ఎవరికైనా వేరే షరతుల మీద ఇవ్వాలంటే ఇంకొకరి అనుమతి అడిగే అవసరం రాకూడదు. అందుకని బయటివాళ్ళు రాసిన ప్రతి పంక్తికీ హక్కుల బదిలీ పత్రం కావాలి.

"సార్, ఆ జార్ఖండ్ ఇంజనీరు సవరణ లేకుంటే డబుల్ డ్యూటీ మనిషి లెక్కకు రాడు."

"అయితే సంతకం తెప్పియ్యి."

ఇంజనీరుకు రాశాను. జవాబు నాలుగు రోజులకొచ్చింది. మీ లైసెన్సు షరతుల మీదే వాడుకోండి, దానికి మా పైవాళ్ళు ఒప్పుకున్నారు, హక్కు రాసివ్వడం మాత్రం నా చేతిలో లేదు, నేనూ ఉద్యోగినే అన్నారు. సంతకం లేనందుకు సవరణ తీసేశానని చెప్పాక ఇక మెయిల్ రాలేదు.

ఆ తప్పును ఆయన పద్ధతి వదిలి వేరే దారిలో సరిచేయడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ డబుల్ డ్యూటీవాళ్ళను బిళ్లల బోర్డు చూసే లెక్కపెట్టాం. తర్వాత ప్రోగ్రాం సంస్థ పేరిట విడుదలైంది. రాసినవారి జాబితాలో ఉన్నది నా పేరొక్కటే.

కాపీరైటంతా ఒకరి చేతిలోనే ఉంటే లైసెన్సు మార్చడం సులువు. సంతకం పెట్టలేనివాడి పని మాత్రం బయటే ఉండిపోతుంది. రెండింట్లో ఏది కావాలో కోడ్ బయటపెట్టే ముందే తేల్చుకోవాలి. నేను తేల్చుకోలేదు.