నేలకు దించిన గడప

ఎండాకాలం సాయంత్రాల్లో మా ఇంటి ముందున్న నాపరాళ్ళ మీద బిందెడు నీళ్ళు చల్లితే ఒక వాసన లేస్తుంది. తొలకరిలో తడిసిన మట్టి వాసన కాదు అది. పొద్దంతా కాలిన రాయి నీళ్ళు పీల్చుకునేటప్పుడు వచ్చే వాసన, కొంచెం సున్నం, కొంచెం ఇనుము కలిసినట్టు ఉంటుంది. నీళ్ళు చల్లి, ఆవిరి పోయేదాకా నిలబడి, వంగి అరచెయ్యి రాతికి ఆనించి చూస్తాను. చల్లబడిందని తెలిశాకే లోపలికి వస్తాను. ఇప్పుడు మా ఇంట్లో అందరం కాళ్ళతో నడిచేవాళ్ళమే. అరచేతుల మీద నడిచిన మనిషి పోయిన కార్తీకంలో వెళ్ళిపోయింది. నీళ్ళు చల్లే అలవాటు మాత్రం పోలేదు.

ఆ మనిషి నా చెల్లెలు పార్వతి. ఇంట్లో అందరికీ పారు.

మాది యాడికి అనే ఊరి దగ్గర ఒక మెట్ట పల్లె. వానపడితే శనక్కాయ, కొర్ర, జొన్న. పడకపోతే ఏమీ లేదు. పడని ఏళ్ళే ఎక్కువ కాబట్టి పెద్దవాళ్ళు మాటకు ముందొకసారి, మాటకు వెనకొకసారి ఆకాశం వైపు చూసేవాళ్ళు. కోతల కాలంలో ఇంటినిండా పచ్చి శనక్కాయల వాసన ఉండేది, కట్టె నిప్పుల్లో కాల్చి ఒళ్ళో పోసుకుని తింటే పెదవులు నల్లబడేవి. చలి రోజుల్లో పొద్దున్నే రాగి సంగటి ముద్ద మీద గుంట చేసి అవ్వ నెయ్యి పోసేది. అవ్వ అంటే మా నాయన తల్లి. ఇంట్లో ఆమె మాటే మాట. శుక్రవారం తెల్లవారేసరికి గడపలన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టేది, ఆ తడి ఆరేదాకా ఎవరినీ గదులు మారనిచ్చేది కాదు. గడప మీద కూర్చోకూడదు, నిలబడి తుమ్మకూడదు, పొరపాటున కాలు తగిలితే వంగి చేత్తో తాకి కళ్ళకద్దుకోవాలి. ఆ ఇంట్లో మేము మాటల కంటే ముందు నేర్చుకున్నది గడప దాటడం.

పారు అది నేర్చుకోలేదు. మూడో ఏట జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని కాళ్ళు మళ్ళీ లేవలేదు. అప్పటి నుంచి ఆమెను అందరం ఎత్తుకునేవాళ్ళం. నాయన భుజం మీద పొలానికి, అమ్మ చంకలో బావి దగ్గరికి, నా నడుము మీద ఊరంతా. ఆమెను నేల మీద పాకనివ్వడం మా ఇంట్లో ఒక తప్పు. అరుగు మీద దింపితే అక్కడే కూర్చుని గులకరాళ్ళతో అచ్చనగాయలు ఆడేది. వీధిలో ఏ ఆడపిల్లా ఆమెను గెలిచేది కాదు. పైకెగరేసిన రాయి కిందికి వచ్చేలోపల అరుగు మీది రాళ్ళన్నీ ఆమె గుప్పిట్లో ఉండేవి. నేను బడికి పోయేటప్పుడు ఆట ఆపి చూసేది. బడికి మెట్లెక్కి పోవాలి. ఎత్తుకొచ్చి దింపితే సరిపోదు, మధ్యలో బయటికి పోవాలంటే ఎవరు ఎత్తుకుపోతారు అని పంతులు అడిగాడు. నాయన ఆమెను మళ్ళీ భుజానికెత్తుకుని ఇంటికి తెచ్చాడు.

నాకు పదకొండో ఏడు నడిచేటప్పుడు, పారు కోసం పట్నం ఆస్పత్రికి పోయిన నాయన ఒక మాట మోసుకొచ్చాడు. అక్కడి డాక్టరమ్మ దగ్గర పారులాంటి బిడ్డలు కొందరున్నారు. కొందరివి హిందువుల ఇళ్ళు, కొందరివి కిరస్తానీల ఇళ్ళు, అందరివీ కూలి ఇళ్ళే. వైద్యం అయిపోయినా పల్లెలకు తీసుకుపోతే మళ్ళీ మూలన పడతారని ఆమె వాళ్ళను పంపడం లేదు. చోటు దొరికితే ఒక ఆయమ్మనూ, చదువు చెప్పే మనిషినీ పెట్టి ఉంచుతానంది. మా తోటలో శనక్కాయలు పోసుకునే మట్టిమిద్దె ఒకటి ఉండేది, ఆరునెలలు ఖాళీ. అది ఇస్తానని నాయన చెప్పి వచ్చాడు. ఆ బిడ్డలతో పాటు పారు కూడా చదువుకుంటుంది. ఆయన ఆశ అదే.

ఊర్లో నవ్వేవాళ్ళు నవ్వారు. రచ్చకట్ట దగ్గర ఒక పెద్దాయన నాయనను ఆపి, "ఏమప్పా, వానల్లేక మేమేడుస్తాంటే నువ్వు కాళ్ళు లేని బిడ్డలను తెచ్చి పెట్టుకుంటాండావే" అన్నాడు.

"వానలు వాళ్ళ కాళ్ళను జూసి నిలిచిపోలేదులే మామా" అన్నాడు నాయన.

డాక్టరమ్మ ఒకరోజు వచ్చి మిద్దె చూసింది. నీళ్ళు బాగున్నాయంది, గాలి బాగుందంది. వాకిట్లో కంకర రాళ్ళు తేలి ఉన్నాయి, అవి పోయి నున్నగా కావాలంది. గడపలు తీసేయాలంది. పోయేముందు పారు ముందు కూర్చుని, నాయన వైపు చూస్తూ, "ఎత్తుకునేవాళ్ళు ఎవరూ లేనప్పుడు కూడా ఈ పాప తనంతట తాను లోపలికి పోగలగాలి. అట్లయితేనే బిడ్డలను పంపిస్తాను, లేకపోతే ఇంకో చోటు చూసుకుంటాను" అంది. పారు ఆ మాట మనసులో పెట్టుకుంది. తరువాత చాలా రోజులు నన్ను అడుగుతూ ఉండేది, తనంతట తాను అంటే ఎట్లా అని.

ఆ మాఘమాసం నుంచి ఉగాది దాకా మా ఇల్లంతా తోటలోనే ఉన్నట్టు నాకు జ్ఞాపకం. శనక్కాయ పొట్టు ఊడ్చి పోసి, ఎలుకల బొక్కలు పూడ్చి, వాన దిగకుండా మిద్దె పైన చవుడు మట్టి కొత్తగా పరిచి, గోడలకు సున్నం కొట్టారు. అమ్మా నేనూ పాత చీరలు మడిచి బొంతలు కుట్టాము. బావి నీళ్ళు కూర్చుని ముంచుకోవడానికి పొట్టి తొట్టి ఒకటి కట్టారు. కట్టిన బేల్దారి ఖాసిం మా ఊరివాడే. గోడ కట్టేటప్పుడు కూడా మాట ఆపని మనిషి. వాకిలికి అతనే యాడికి గనుల నుంచి నల్ల నాపరాళ్ళు తెప్పించి, అంచులు కలిపి, నీళ్ళు పోసి రుద్ది నున్నగా చేశాడు. చింతచెట్టు దగ్గర బండి ఆగే చోటు నుంచి తలవాకిలి దాకా గులకరాయి కూడా కాలికి తగలదు.

"జూడన్నా, అద్దం మాదిరి ఉండాది. మొగం జూసుకోవచ్చు" అన్నాడు నాయనతో.

"నీ మొగం జూసుకునేకి మా తోటనే దొరికిందా ఖాసిమూ" అంది అవ్వ. అన్నదే గాని, ఆ రాళ్ళ మీద నడిచినప్పుడు ఆమె కూడా చీర కొంచెం ఎత్తిపట్టి, ఇష్టంగా నడిచేది.

పేచీ అంతా గడపల దగ్గర వచ్చింది. లోపలి గదులవి పెరికేటప్పుడు అవ్వ ఏమీ అనలేదు. తలవాకిలి గడప వేపమానుది, జానెడు ఎత్తు, తాత చెక్కించింది. ఖాసిం దాని పక్కన గడ్డపార ఆనించగానే ఆమె వచ్చి అడ్డంగా నిలబడింది.

"దాని మీద చెయ్యి పడితే నేనీడ ఉండను. గడప లేని ఇల్లు ఇల్లా, సత్రమా? లచ్చిమి యాడ నిలబడల్ల?"

"ఆ బిడ్డలు ఎట్ల దాటల్లమ్మా?" అన్నాడు నాయన.

"ఎత్తి దాటించండి. మన పారును దాటిస్తాండాము గదా. ఏమన్నా తక్కువ చేసినామా బిడ్డకు?"

నాయన గడ్డపార తీసి గోడకు ఆనించాడు. నిజంగానే మేము ఏమీ తక్కువ చేయలేదు. గడప అట్లాగే ఉండిపోయింది. డాక్టరమ్మ వచ్చినప్పుడు చూద్దాములే అనుకున్నారు.

ఉగాది నాడు అందరం తోటకు పోయాము. కొత్త సున్నం వాసన, మామిడాకులు, గడపకు తడి పసుపు, లోపల పెనం మీద కాలుతున్న ఓళిగల నుంచి బెల్లం వాసన. ఖాసింను కూడా భోజనానికి రమ్మన్నారు. బండి చింతచెట్టు కింద ఆగింది. నాయన చేతులు చాపితే పారు తల అడ్డంగా ఊపింది.

"ఎవరూ ఎత్తుకోవద్దండి. నేనే పోతా. డాక్టరమ్మ చెప్పింది గదా."

నాయన నవ్వి ఆమెను నేల మీద దింపాడు. మిట్టమధ్యాహ్నం. ఆమె చింతనీడ దాటి రాళ్ళ మీదికి పాకింది. ఆమె అంత దూరం పాకడం మేమెవరమూ ఎన్నడూ చూడలేదు. మేము ఎప్పుడు చూడనిచ్చాము గనక! కొంత దూరం పోయి ఆగింది. ఒక చెయ్యి పైకెత్తి, దించి, మరో చెయ్యి ఎత్తింది. లంగా అంచు అరచేతి కిందికి లాక్కోబోయింది, కుదరలేదు. వెనక్కి తిరిగి చూసింది. తిరిగి రావడానికీ అంతే దూరం ఉంది. అప్పుడు చాలా వేగంగా పాకడం మొదలుపెట్టింది. సంతోషంతో ఉరుకుతోందని మేము చప్పట్లు కొట్టాము. ఖాసిం అందరికంటే గట్టిగా కొట్టాడు.

గడప దగ్గరికి చేరి, రెండు చేతులూ ఆ తడి పసుపు మీద పెట్టి, చెంప కూడా ఆనించింది. చూరు నీడలో ఉన్న కట్టె అది, చల్లగా ఉండి ఉంటుంది. నడుము పైకి లేపాలని చూసింది, లేవలేదు. మళ్ళీ చూసింది. అప్పుడు, ఎవరితోనూ కానట్టు, "కాల్తాండాది" అంది.

నాయన పరుగెత్తాడు. సగం దారిలో వంగి రాతి మీద చెయ్యి పెట్టి చూసి, వెంటనే తీసేశాడు. మా కాళ్ళకు చెప్పులుండేవి, లేనివాళ్ళకు కాయలు కాచిన పాదాలుండేవి. ఆ రాళ్ళను అంతవరకు మాలో ఎవరూ అరచేత్తో ముట్టలేదు. ఆయన చంకల్లో చేతులు వేయబోతే పారు గడపను గట్టిగా పట్టుకుంది.

"వద్దు నాయనా. ఎత్తుకుంటే డాక్టరమ్మ పంపించదు."

నేనూ ఖాసిమూ కడవలతో నీళ్ళు తెచ్చి ఆమె చుట్టూ పోశాము. రాళ్ళ నుంచి ఆవిరీ, ఆ వాసనా లేచాయి. గడపకు అవతల అవ్వ ఓళిగల తట్ట చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. తట్ట పక్కన పెట్టి, లోపలి వైపు నేల మీద చతికిలబడి, పారు చేతులు వెల్లకిలా తిప్పి చూసింది. పసుపు కింద బొబ్బలు లేస్తున్నాయి. చాలాసేపు ఊదింది. గడపకు అటొకరు, ఇటొకరు.

"ఖాసిమూ, గడ్డపార తే" అంది తరువాత.

పండగ పూట గడప పెరుకుతారా అని అమ్మ నెమ్మదిగా అడిగింది.

"పండగ పూట బిడ్డ గడప బయట కూచోవచ్చునా?" అంది అవ్వ. ఖాసిం వైపు తిరిగి, "పారేయొద్దప్పా. గుంత తీసి నేలకు దించు. ఉండల్ల, అడ్డం ఉండకూడదు" అంది.

ఆ పని అయ్యేసరికి పొద్దు వాలింది. ఓళిగలు చల్లారిపోయాయి. ఎవరూ తినలేదు. ద్వారబంధం కమ్ములు కోసి, గడపను నేలకు సమంగా కూర్చోబెట్టి, ఖాసిం పక్కకు జరిగాడు. పారు మోచేతుల మీద దాన్ని దాటి లోపలికి పోయింది. పోయి, గోడకు ఆనుకుని కూర్చుని, ఇప్పుడు ఓళిగ పెట్టమంది.

మరుసటి వారం నాపరాళ్ళ మీద ఎర్రమట్టి పరిచి, పేడతో అలికి, పైన చింతచెట్టు దాకా బోదగడ్డి పందిరి వేశారు. "నా అద్దానికి పేడ పూస్తివి గదన్నా" అని ఖాసిం పందిరి కట్టినన్నాళ్ళూ అంటూనే ఉన్నాడు. డాక్టరమ్మ వచ్చి, చెప్పులు విడిచి, వాకిట్లో చేతులు ఆనించి చూసి, పారు చేతుల మీది మచ్చలు చూసింది. బిడ్డలను పంపింది.

వాళ్ళు వచ్చాక ప్రతి శుక్రవారం ఆ ఇంట్లో పసుపు చేతుల గుర్తులు ఉండేవి. గడప దగ్గర మొదలై, పలకల దాకా, బొంతల దాకా, నీళ్ళ తొట్టి దాకా. పక్క చేనావిడ ఒకరోజు చూసి, "ఏమమ్మా, లచ్చిమిని తొక్కిస్తాండావే" అంది.

"తొక్కేది మనం" అంది అవ్వ. "కాలు తగిలితే చేత్తో ముట్టి కండ్లకద్దుకుంటాము. వీళ్ళు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ పెట్టి వస్తాండారు. నీకంటే వీళ్ళే మేలు."

కొన్నేళ్ళకు ఆస్పత్రి వాళ్ళు సొంత భవనం కట్టుకున్నారు, పిల్లలు అక్కడికి మారారు. పారు చదువు ఆగలేదు. అదే భవనంలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే పని చేసింది, చివరి ఏళ్ళు నా దగ్గర గడిపింది. ఇప్పుడు ఆ తోట లేదు. అక్కడ రాళ్ళకు మెరుగు పెట్టే మిషన్లు తిరుగుతున్నాయి, బావిలో రాతి పొడి నిండింది. మట్టిమిద్దెలు లేవు, చవుడు పరిచేవాళ్ళు లేరు, బేల్దారి ఖాసిం మనవలు ఏ ఊర్లో ఉన్నారో తెలియదు.

మిద్దె కూలినప్పుడు పారు ఆ గడప ఒక్కటే అడిగింది. ఆ వేపకట్టె నా ఇంటికి తెచ్చి, ఆమె గది వాకిట్లో నేలకు సమంగా వేయించాము. అది నడుమ, రెండు అరచేతులు పడే చోట, అరిగి ఉంటుంది. ఎవరూ తాకని గడపలు అరగవు.

శుక్రవారం దానికి పసుపు రాస్తాను. శనివారం పొద్దున చూస్తే, రాసినట్టే ఉంటుంది.