మైదానం బయట నాన్న

కుర్రతనంలో ఫుట్‌బాల్ జట్టులో నేను ఆడని చోటు లేదు. సగం ఆట గోల్‌కీపర్‌ని, మిగతా సగం గోల్స్ కొట్టేవాణ్ణి. వాలీబాల్‌కీ పరుగుపందేలకీ కూడా నన్నే పిలిచేవారు. మా నాన్న ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా వచ్చి చూసేవాడు.

మొన్న తిరువూరు బస్టాండులో పక్కన కూర్చున్న మనిషికి ఇదంతా చెప్పాను. ఆయన ఒళ్లో కూతురి చెప్పులున్న కవరు ఉంది.

"మీ నాన్నగారు అదృష్టవంతులండి. మా అమ్మాయి ఫుట్‌బాలూ ఆడుద్ది, కబడ్డీ ఆడుద్ది. నన్ను మాత్రం గ్రౌండుకి రావద్దంది. సిగ్గంట. అందుకే దింపేసి ఇక్కడ కూర్చుంటా," అని నవ్వాడు.

ఇంతలో నా విస్సన్నపేట బస్సు వచ్చింది. నిజం చెప్పకుండానే ఎక్కేశాను.

నిజానికి నేను ఎప్పుడూ ఎక్స్‌ట్రా ప్లేయర్‌నే. ఒకసారి నాన్న పొలం నుంచి బురద కాళ్లతోనే మ్యాచ్ చూడడానికి వచ్చాడు. స్నేహితులు నవ్వుతారని, "ఇంటికెళ్లు నాన్నా" అన్నాను. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆ ఒక్కసారే.

ఇంతవరకూ రాసి మా అక్కకు చదివి వినిపించాను.

"ఒక్కసారేంట్రా? వచ్చిన ప్రతిసారీ తరిమేశావు, నేను చూసేదాన్నిగా. ఆయన ఇంటికొచ్చి, నువ్వు గోల్ కొట్టావని అమ్మకి అబద్ధం చెప్పేవాడు," అంది.