కూసునే కాయిదం

రెండు వేల ఆరులో, అయిజలోని పత్తి విత్తనాల కంపెనీకి హైదరాబాదు ఆఫీసు నుంచి గీత మేడం వచ్చింది. పనిచేసేటోళ్ల నడుములు, మోకాళ్లు పాడుగాకుండ ఎట్ల కూసోవాలె, బల్ల ఎంతెత్తు ఉండాలె అని కంపెనీకి కాయిదం రాసియ్యడం ఆమె పని. కూసునుడు గూడ కాయిదంల రాస్తరా అని షెడ్డంత నవ్విండ్రు.

అందరికన్న ఎక్కువ నవ్వింది భీమమ్మ. యాభై దాటిన మనిషి. మొగడు పోయి ఆరేండ్లాయె, పిల్లలు లేరు. ఇంట్ల పలకరించే దిక్కు లేదు. మాటలన్నీ షెడ్డులనే. పన్నెండు మంది ఆడోళ్లు గింజల కుప్ప చుట్టూ కింద కూసోని, తాలుగింజలు ఏరుకుంట, ఒకరి కూరకు ఒకరు వంకలు పెట్టుకుంట పొద్దుగూకిచ్చేది. ఏం జెప్పాలె, ఆ ముచ్చట్ల కోసమే ఆమె పనికొచ్చేది.

"నడుము నొస్తదా అమ్మా?" అని గీత మేడం అడిగింది.

"నొయ్యక ఏంజేస్తది మేడం. సాయంత్రం లేస్తుంటె పానం పోతది" అన్నది భీమమ్మ, ఉన్నదున్నట్టు. మేడం టేపు పెట్టి ఆమె మోకాలెత్తు, మోచెయ్యెత్తు కొలిచి రాసుకున్నది.

నెలకు కుర్చీలు, బల్లలు దిగినయి. ఎలుతురు కోసమని ఒక్కో బల్లను ఒక్కో కిటికీ కాడ, గోడ దిక్కు ఏసిండ్రు. పది రోజులల్ల భీమమ్మ నడుమునొప్పి పోయింది. ముచ్చట గూడ పోయింది. ఎనక ఎవరన్న నవ్వితె ఎందుకో తెల్వదు, తిరిగి అడిగేసరికి నవ్వు అయిపోయేది. నా నోటితోని నేనే పోగొట్టుకుంటి అని కుమిలిపోయింది. ఎవరికి చెప్పుకుంటది?

మళ్ల గీత మేడం వచ్చింది. "బల్లలన్నీ నీ కొలతతోనే చేయించినం భీమమ్మా. నీకు నొప్పి తగ్గకపోతె అన్నీ తీసేసి, పాత తీరే ఉంచుతం" అన్నది. తగ్గలేదని అబద్ధం చెప్పాలె అని భీమమ్మ అప్పుడే మనసుల ఖాయం చేసుకున్నది.

మేడం ముందుగాల అడిగింది తాజ్‌బీని. తొమ్మిదేండ్లు కుప్ప కాడ భీమమ్మ పక్కనే కూసున్న మనిషి.

"నాలుగేండ్ల సంది మోకాళ్లు వంగక కుర్చీ మీదనే నమాజు చేస్తుంటి మేడం. మొన్న శుక్రవారం నేలకు తల ఆనిచ్చిన" అని కండ్లు తుడుచుకున్నది తాజ్‌బీ.

"నీకెట్లున్నది భీమమ్మా?" అని మేడం ఇటు తిరిగింది.

భీమమ్మ తాజ్‌బీ దిక్కు చూసింది. "నొప్పి లేదు మేడం. గిట్లనే ఉంచుండ్రి."

మేడం రాసుకున్నది. మాటలు అయిపోయినయి. కుప్ప కాడ తాజ్‌బీని ఎప్పుడూ పట్టి లేపేది భీమమ్మే, ఆ అలవాటు కొద్ది చెయ్యి చాపింది. తాజ్‌బీ చూడనేలేదు. తనంతల తానే లేచి, తన కిటికీ కాడికి నడిచిపోయింది.